తోట గోడ కూలిన ఏడు

మా తాతల నాటి గడి, కోటలాంటి దొరల ఇల్లు, బాన్సువాడకు దగ్గరి ఊళ్లో, నిజాంసాగర్ కాలువ పక్కన ఉండేది. దాని వెనక మామిడితోట, తోట చుట్టూ డంగు సున్నంతో కట్టిన ఎత్తైన గోడ, నడుమ ఎనిమిది స్తంభాల రాతి మండపం. మా ఇంటి ఆడవాళ్లు ఒంటరిగా పోగలిగింది ఆ మండపం వరకే. సాయంత్రాలు అమ్మ అక్కడే కూర్చునేది. ఎటు చూసినా గోడే కనబడేది.

డెబ్బైల మొదట్లో, నేను ఏడో తరగతి చదివే ఏడు, ఎడతెగని ముసురుకు కాలువ వైపు గోడ బండి పట్టేంత వెడల్పున కూలింది. ఆ సందులోంచి కాలువ గట్టు, దాని మీద నాట్లకు పోయే ఆడవాళ్లు కనబడ్డారు. వాళ్లలో తండా నుంచి వచ్చే ఒకామె మంచినీళ్లు అడగడానికి లోపలికి వచ్చింది. మర్నాడు మళ్లీ వచ్చింది. మొదట్లో దూరంగా నిలబడి "దొరసానీ" అనేది. కొన్నాళ్లకు మండపం మెట్టు మీద కూర్చుని, తమ భాషలో పాటలు పాడి, వాటి అర్థం తెలుగులో చెప్పేది. అమ్మ గట్టిగా నవ్వడం నేను అప్పుడే విన్నాను.

ఒకరోజు ఆమె "పోయొస్త అక్కా" అనడం నాయన చెవిన పడింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

తెల్లారి రాతిపని వాళ్లను పిలిపించాడు. "మండపం ఇప్పుండ్రి. గా రాళ్లతోనే గోడ కట్టుండ్రి," అన్నాడు.

వాళ్లు గడ్డపారలతో తోటలోకి వచ్చేసరికి అమ్మ మండపంలో కూర్చుని ఉంది.

"లే. లోపలికి నడువు," అన్నాడు నాయన.

"నేను లెవ్వ. కూలగొడితే నా మీదనే కూలగొట్టుండ్రి."

"పనోళ్ల ముంగట నా ఇజ్జత్ తీస్తున్నవా?"

"నా ఇజ్జత్ సంగతి ఎన్నడన్న అడిగిండ్రా మీరు?"

మేస్త్రీ గడ్డపార కింద పెట్టేశాడు. "మాతోని కాదు దొరా."

మండపం మిగిలింది. గోడ మాత్రం ఆగలేదు. నాయన వేరేచోటి నుంచి రాళ్లు తెప్పించి, పాతదానికంటే ఎత్తుగా కట్టించాడు. కడుతున్నన్నాళ్లూ తండా ఆమె గట్టు మీద కాసేపు నిలబడి పోయేది. చివరికి ఆమె ముఖం కూడా గోడ చాటైంది.

ఆ తర్వాత అమ్మ మండపంలో కూర్చోలేదు. నాయనకు వడ్డించేది, మాట్లాడేది కాదు. "నాయనకు చెప్పు," "మీ అమ్మనడుగు" అంటూ ఇద్దరి మాటలూ నేనే మోసేదాన్ని. నా పెళ్లి మాటలు కూడా నా నోటితోనే నడిచాయి.

ఎనభైల్లో నాయన పోయాడు. దినాలయ్యాక, "అమ్మా, గా గోడకు ఒక దర్వాజ పెట్టిద్దామా?" అని అడిగాను.

"ఎవరి కోసం బిడ్డా? నేను ఆమె పేరు సుత అడగలేదు."

"తండాకు పోయి అడుగుదాం నడువు."

అమ్మ చీర మార్చుకుని వాకిలి దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

"మళ్ల నన్ను దొరసాని అంటదేమో," అని అరుగు మీద కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. ఆ రోజు పోలేదు. తర్వాతా పోలేదు.