ఎత్తిన చెయ్యి

నిజాం పాలన చివరి రోజుల్లో మా వరంగల్ కాలేజీ బాస్కెట్‌బాల్ కెప్టెన్ నేతపనివాళ్ల ఇంటి పిల్లవాడు. ఆటలో తన తప్పుంటే, రిఫరీ ఈల వేయకముందే చెయ్యెత్తి "నాదే" అనేవాడు.

ఆ ఏడాది ఆఖరి ఆటలో, స్కోరు సమానంగా ఉన్నప్పుడు, రిఫరీ చూడని తప్పుకు కూడా చెయ్యెత్తాడు. అవతలివాళ్లకు ఫ్రీత్రో దక్కింది. మేం ఓడిపోయాం.

"ఎవ్వడు సూశిండన్నా?" అని మండిపడ్డాను.

"పోగు తెగిందని తెల్శి గూడ నేసుకుంట పోతే బట్టంత ఖరాబైతది తమ్మీ."

నా కోపం చల్లారలేదు.

మరుసటేడు మళ్లీ అదే జట్టుతో ఆట. మా కెప్టెన్ తోశాడని వాళ్లు గోల చేశారు. రిఫరీ అతని చేతివైపు చూశాడు. చెయ్యి లేవలేదు.

అంతే, గోల చేసినవాళ్లే వెనక్కి తిరిగి తమ తమ చోట్లకు వెళ్లిపోయారు.