నాయన చూసిన తెల్ల కోటు

ఇంటర్మీడియెట్ చదువును మార్చబోతున్నారని మొన్న పొద్దున పేపర్లో చదివినప్పటి నుంచి నాకు కుదురు లేదు. బీరంగూడలోని మా ఇంట్లో ముందు గదికీ వాకిలికీ మధ్య తిరుగుతుంటే, పదో తరగతి పాసై ఖాళీగా ఉన్న మనవరాలు నన్ను చూసి నవ్వుతోంది. ఇంటర్లో ఏం తీసుకోవాలో తేల్చుకోవలసింది తాను. కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నది నేను.

మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నా చిన్నప్పుడు పటాన్‌చెరు పక్కన పాశమైలారంలో ఒక్కొక్క ఫ్యాక్టరీ లేస్తున్న రోజులవి. కర్దనూర్‌లో కూలికి పోయే మా నాయన, పొలం పనులు తగ్గిపోయి, అక్కడొక మందుల ఫ్యాక్టరీలో లారీలకు డ్రమ్ములు ఎక్కించే పనిలో కుదిరాడు. షిఫ్టు విడిచే వేళ తెల్ల కోట్లు వేసుకుని బయటికొచ్చే ఆడపిల్లలను గేటు పక్కన నిలబడి చూసేవాడట. వాళ్లను ఎవరూ ఏయ్ అని పిలవరని ఇంటికొచ్చి అమ్మతో చెప్పేవాడు.

మా అక్క పదో తరగతి పాసయ్యేనాటికి సంగారెడ్డి కాలేజీలో, చదవగానే ఉద్యోగం వస్తుందంటూ ఇంటర్లో కొత్త కోర్సులు పెట్టారు. అక్కకు లెక్కలంటే ప్రాణం. పొయ్యి ముందు కూర్చున్నా బొగ్గుతో నేల మీద లెక్క చేస్తూనే ఉండేది, అన్నం అడుగంటించి అమ్మ చేత తిట్లు తినేది. ఆ మాడన్నం తినలేక నేను ఏడ్చేవాణ్ణి. లెక్కల టీచర్ కావాలన్నది తన కోరిక. కానీ అక్కను చేర్పించడానికి వెళ్లి కాలేజీ గేటు దగ్గర ఆగిపోయిన నాయనకు, ల్యాబ్ కోర్సు పిల్లలు తెల్ల కోట్లలో నడిచి పోతూ కనిపించారు. ఇక ఆయన్ని ఆపేదెవరు?

"గా కోటు నా బిడ్డ ఒంటి మీద సూడాలె," అన్నాడు.

ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

ఆ కోర్సు ఆసుపత్రుల్లో నెత్తురు పరీక్షలు చేయడానికని, మందుల ఫ్యాక్టరీలో చేరాలంటే బీఎస్సీ కావాలని, చదువు పూర్తయ్యాక అక్కను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయిన నాడు గానీ నాయనకు తెలియలేదు. ఫ్యాక్టరీల నడుమ బతికే మాకు తెల్ల కోటంటే ఒక్కటే తెలుసు మరి. పోనీ, లెక్కలతో డిగ్రీ చేస్తానని అక్క డిగ్రీ కాలేజీకి వెళ్లి అడిగితే, ఇంటర్లో లెక్కలు చదవలేదు గనుక కుదరదన్నారు. ఆ రోజు కాలేజీ నుంచి ముగ్గురం బస్సులో తిరిగి వస్తుంటే అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది, నాయన టికెట్టు ముక్కను వేళ్ల మధ్య నలుపుతూనే ఉన్నాడు. తిట్టడానికి ఎవరూ దొరకక నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు.

అక్క పటాన్‌చెరులో ఒక చిన్న ఆసుపత్రిలో చేరి, సూది గుచ్చితే తెలియనే తెలియదని పేరు తెచ్చుకుని, అక్కడే రిటైరయింది. నన్ను చదివించింది ఆ జీతమే. ఇప్పుడు మా వీధి చివరే ఉంటుంది. నిన్న పేపరు పట్టుకుని వెళ్లి, కొత్త పుస్తకాలట, మొదటి ఏడు నుంచే ప్రయోగాలట అని ఏకరువు పెట్టాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నది.

"పుస్తకాలు మారనీ తమ్మీ. నడుమల పిల్ల మనసు మారితే ఇంకో తొవ్వ ఉంటదా? గా ముచ్చట అడుగు," అన్నది.

పేపరంతా మళ్లీ వెతికాను, ఆ సంగతి ఎక్కడా లేదు. ఇప్పుడు పటాన్‌చెరు బస్సుల్లో తెల్ల కోటు చేతి మీద వేసుకున్న ఆడపిల్లలు బోలెడంత మంది. ఆగి చూసేవాళ్లెవరూ లేరు. మా నాయన కాలేజీ గేటు దాకా వచ్చి కూడా, లోపలికి వెళ్లి నాలుగు మాటలు అడగవచ్చని ఎరగని మనిషి. నాకు అది తెలుసు. మనవరాలిని చెప్పులు వేసుకోమన్నాను.