రాయి నిండుకుంది

కాంట్రాక్టర్లని వెతికి పట్టుకోవడంలో మా శాంతక్కని మించినవాళ్లు లేరని సియాటిల్ చుట్టుపక్కల రేవుల్లో పనిచేసినవాళ్లు ఇప్పటికీ అంటారు. అది పొగడ్తో తిట్టో వాళ్లనే అడగాలి. శాంతక్క నాకు తోడికోడలు, మా బావగారు రాజారావుగారి భార్య. భీమిలిలో పుట్టి, వాల్తేరులో సివిల్ ఇంజనీరింగ్ చదివి, పెళ్లయ్యాక ఈ దేశం వచ్చి, ఒక రేవు సంస్థలో కాంట్రాక్టుల విభాగంలో చేరి అక్కడే రిటైరైంది. "త్వరలో", "వీలైనంత వరకు", "దాదాపుగా" లాంటి మాటలు ఎవరి టెండరులో కనిపించినా ఎర్ర సిరాతో కొట్టేసి వెనక్కి పంపేదట. "మాటకి ఒక్కటే అర్థం ఉండాలి జానకీ, రెండుంటే కోర్టుకెళ్తాం" అని నాకూ క్లాసు పీకేది. నేను ఫార్మసిస్టుని, నాకెందుకమ్మా ఈ గోల అంటే వినేది కాదు.

రిటైరయ్యాక ఊరుకుంటుందనుకున్నాం. ఊరుకుంటే ఆవిడ శాంతక్క ఎందుకవుతుంది? సియాటిల్ పక్కనే బాతెల్‌లో తన ఇంటి గ్యారేజీ పక్క గదిలో కూతురు నైనికతో కలిసి కన్సల్టింగ్ మొదలుపెట్టింది. పెద్ద కంపెనీలు ముఖం కూడా చూడని మారుమూల ఊళ్లకి కాంట్రాక్టర్లని కుదిర్చిపెట్టడం వాళ్ల పని. తల్లి ఊళ్లు తిరుగుతుంది, కూతురు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని కాగితాలు, ఈమెయిళ్లు చూసుకుంటుంది. అలా వాళ్ల చేతికొచ్చిందే ఈ అలాస్కా దీవి. దాని పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు, కాబట్టి దీవి అనే అంటాను.

అలాస్కా రష్యావాళ్ల వలసగా ఉన్న కాలంలో, తోళ్ల వ్యాపారం కోసం వచ్చినవాళ్లు ఆ దీవిలో ఒక రేవు కట్టారు. లావుపాటి దుంగల్ని పెట్టెల్లా పేర్చి, లోపల రాళ్లు నింపి, ఒడ్డునుంచి సముద్రంలోకి వరసగా దింపారు. తర్వాత ఎవరెవరో మరమ్మతులు చేస్తూ వచ్చారు కానీ అడుగున ఉన్నది ఆ పాత పెట్టెలే. ఒక చలికాలం తుఫానుకి వాటిలో సగం పగిలి రాళ్లన్నీ నీళ్లపాలయ్యాయి. ఇక్కడ ఓడ ఆపడం ప్రమాదమని, ఊరికి మనుషుల్నీ సరుకుల్నీ చేరవేసే ఫెర్రీ ఆపేశారు. అంతటితో వదల్లేదు. వేసవి దాటేలోగా రేవు కట్టే కాంట్రాక్టరు ఎవరూ కుదరకపోతే ఆ ఊరి పేరే ఫెర్రీ దారిలోంచి తీసేస్తామన్నారు. ఫెర్రీ లేకపోతే సరుకుల్లేవు, చమురు లేదు, చివరికి ఊరే ఉండదు.

ఊరి మండలికి పెద్ద మార్తా అనే ఆవిడ. అరవై దాటి ఉంటాయి, మాట తక్కువ. ఆవిడ తల్లి తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ కోసం ఫెర్రీలో కోడియాక్ టౌనుకి వెళ్లింది. ఆవిడ తిరిగి వచ్చేలోగా ఫెర్రీ ఆగిపోయింది. నీళ్ల మీద దిగే బుల్లి విమానాలు రెండు తిరుగుతాయి కానీ, వాటి మెట్లు ఆ కాలితో ఎక్కడం ఆ ముసలావిడ వల్ల కాదు. అక్కడే ఒక వృద్ధాశ్రమంలో ఉండిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట అడుగుతుందట, ఓడ ఎప్పుడొస్తుందని. మార్తా మాకు ఇది చెప్పి ఏడవలేదు, పొయ్యిలో ఇంకో కట్టె వేసింది.

టెండరు మొదటిసారి పిలిస్తే ఒక్క పురుగు రాలేదు. అంత దూరం యంత్రాలు, మనుషులు, సరంజామా మోసుకెళ్లి కట్టడం ఎవరికీ గిట్టుబాటు కాదన్నారు. రెండోసారి పిలిచి, ఇష్టమైన కాంట్రాక్టర్లు వచ్చి స్థలం చూసుకోవచ్చని ఒక రోజు పెట్టింది శాంతక్క. దానికి ముందే తను అక్కడ ఉండాలి. బావగారిని రమ్మంటే ఆయన సముద్రం పేరు వినగానే మంచమెక్కారు. దాంతో నా మెడకి చుట్టుకుంది. ఆ బుల్లి విమానంలో నా ప్రాణాలు ఎన్నిసార్లు పైకి పోయి కిందికి వచ్చాయో నాకే తెలుసు.

"కళ్లు మూసుకోవే, అయిపోతుంది," అంది శాంతక్క.

"ఏది అయిపోతుంది అక్కా, నేనా?" అన్నాను.

మేం దిగిన మర్నాడు బాతెల్ నుంచి నైనిక ఫోన్ చేసింది. ఆ ఊళ్లో సెల్‌ఫోన్లు పనిచెయ్యవు. మండలి ఆఫీసులో ఒకే ఒక్క ఫోను, అదీ గరగరమంటుంది. ఫోన్‌లో గొంతు వినిపించాలని స్పీకర్ పెట్టుకున్నాం. కాంట్రాక్టర్లు ఒక ప్రశ్న పంపారట. పెట్టెల్లో నింపడానికి కావలసిన రాయి దీవి మీదే దొరుకుతుందా, బయటినుంచి తేవాలా? బయటినుంచే అయితే తమకి పని వద్దని కొందరు ముందే చెప్పేశారట.

శాంతక్క మార్తాని వెంటబెట్టుకుని కొండ వెనకున్న పాత క్వారీకి వెళ్లింది. రష్యావాళ్లు మొదలుపెట్టి, తర్వాత వచ్చినవాళ్లందరూ తవ్వుకుపోయిన గొయ్యి అది. అడుగున నీళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఇంకా రాయి ఉన్నదల్లా పైన చర్చి శ్మశానం కిందే. దాన్ని ముట్టుకునే ప్రసక్తే లేదు. శాంతక్క వచ్చి బూట్ల మట్టి కూడా దులుపుకోకుండా నైనికకి ఫోన్ చేసింది.

"రాయి సంగతి అడిగారు కదమ్మా, చూసొచ్చాను. క్వారీలో రాయి నిండుకుంది. అదే రిప్లై ఇచ్చెయ్."

"రియల్లీ? దట్స్ గ్రేట్ అమ్మా! ఇప్పుడే సెండ్ చేస్తా."

"అందులో గ్రేట్ ఏముందే?" అనేలోగా లైను తెగిపోయింది. ఈ పిల్లలు చావు కబురు చెప్పినా గ్రేట్ అంటారని శాంతక్క విసుక్కుని, మళ్లీ చెయ్యలేదు.

స్థలం చూసే రోజున ఎవరూ రారనే అనుకున్నాను. పొద్దున్నే ఒక ఇనప పడవ వచ్చి ఒడ్డున ఆగింది. అందులోంచి పొడుగాటి ఆడమనిషి దిగింది, పేరు డోనా. కోడియాక్ వైపు సరుకు పడవల వ్యాపారమట, రేవుల పనులు కూడా చేస్తుందట. శాంతక్క ముఖం వెలిగిపోయింది. మార్తా అయితే ఆవిడ చేతికి కాఫీ అందిస్తూ కప్పు వదలడమే మర్చిపోయింది.

డోనా రేవు మీద అటూ ఇటూ నడిచి, దుంగల్ని కాలితో తన్ని చూసి, "ముందు మీ రాళ్ల గని చూపించండి. దానికోసమే వచ్చాను," అంది.

"ఏ గని?" అంది శాంతక్క.

డోనా ఫోన్ తీసి మా నైనిక పంపిన జవాబు చూపించింది. దీవి మీద క్వారీ నిండా రాయి ఉంది, కావలసినంత వాడుకోవచ్చు అని ఉంది ఇంగ్లీషులో, పక్కాగా.

శాంతక్క రంగు మారిపోయింది. "ఒక్క నిమిషం" అని ఆఫీసులోకి పరిగెత్తింది. వెనకే నేను.

"నైనికా, రాయి నిండుకుందని చెప్తే ఏం రాశావే?"

"అదే రాశాను అమ్మా! ఫుల్‌గా ఉందని. నిండుకుంది అంటే నిండా ఉండటమే కదా?"

"నిండుకోవడమంటే అయిపోవడమే తల్లీ! అయిపోవడం!"

"వాట్? నిండు అంటే ఫుల్ కదా? గ్లాస్ నిండింది, కడుపు నిండింది... పిన్నీ, యూ టెల్ మీ!"

నాకు నవ్వాగలేదు. ఆగదు మరి! ఆ పిల్ల తప్పేముంది పాపం? మా ఇళ్లల్లో బియ్యమో పప్పో అయిపోతే లేవు అనం. ఆ మాట అంటే లేమి వచ్చి ఇంట్లో కూర్చుంటుందని పెద్దవాళ్ల భయం. అందుకని తిరగేసి నిండుకున్నాయంటాం. శాంతక్కకి అది నాలుకకి పట్టేసింది. కానీ అమెరికాలో పుట్టిన నైనిక ఆ మాట ఎప్పుడు వింటుంది? బావగారు గ్యారేజీ నిండా బియ్యం మూటలు పేర్చి పెడతారు. ఆ ఇంట్లో ఏదైనా ఒక్కసారి నిండుకుంటే కదా! ఒక్కో మాటకి ఒక్కటే అర్థం ఉండాలని ఊరందరినీ వాయించే మనిషి, తన నోటితోనే అలాంటి మాట వాడింది. అదే అన్నాను. శాంతక్క చూసిన చూపుకి నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

బయటికి వస్తుంటే గుమ్మంలో మార్తా నిలబడి ఉంది. మా తెలుగు రాకపోయినా, డోనా చూపించిన జవాబు తనూ చూసింది కాబట్టి మా అరుపుల్లోనే సంగతి అర్థమైనట్టుంది.

"ఇప్పుడే చెప్పాలా?" అంది మెల్లిగా. "ఆ కొండంతా రాయే. దూరం నుంచి చూపించు చాలు. సంతకం అయ్యాక చూసుకుందాం."

శాంతక్క ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "మీ అమ్మ ఓడెక్కి రావాలని నీకెంత ఉందో నాకు తెలుసు మార్తా. ఇప్పుడు దాస్తే, సగం పనిలో డోనా యంత్రాలన్నీ ఎత్తుకుని వెళ్లిపోతుంది. అప్పుడు ఇంకెవ్వరూ రారు."

నేరుగా డోనా దగ్గరికి నడిచి, చెప్పేసింది. మా తెలుగు మాట ఒకటి తిరగబడింది, తప్పు మాదే, ఇక్కడ రాయి లేదు, ఉన్నది ముట్టుకోకూడనిది అని. సరిచేసిన జవాబు టెండరు కాగితాలు తీసుకున్న అందరికీ ఈరోజే వెళ్తుందని కూడా చెప్పింది. డోనా కాఫీ కప్పు గోడ మీద పెట్టి, పడవ దగ్గరికి వెళ్లిపోయింది. కాసేపటికి ఇంజను చప్పుడు వినిపించింది.

మార్తా మాతో మాట్లాడటం మానేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. "నీ నిజాయితీ తగలెయ్యా! కొంచెం కాఫీ తాగనిచ్చి చెప్తే నీ సొమ్మేం పోయేది?" అని శాంతక్క మీద అరిచాను. ఆవిడ తిరిగి ఏమీ అనకుండా కిటికీ దగ్గర కూర్చుంది. ఆ మనిషి తిట్టకపోతే నాకు భయం. అంటే నిజంగా ఓడిపోయామనుకుంటోందన్నమాట.

సాయంత్రం మేం బస చేసిన మార్తా ఇంటి తలుపు చప్పుడైంది. తీస్తే డోనా! పోలేదు. మధ్యాహ్నమంతా పడవ వేసుకుని రేవు చుట్టూ తిరుగుతూ నీటి లోతు కొలుచుకుందట.

"ఇంతకీ ఆ మాటేమిటి?" అంది కుర్చీ లాక్కుని.

శాంతక్క సిగ్గుపడుతూ చెప్పింది, బియ్యం సంగతీ, లేదు అనకపోవడం సంగతీ. డోనా బల్ల మీద చెయ్యి కొడుతూ నవ్వింది. నవ్వు ఆగాక అసలు విషయం చెప్పింది. తన పెద్ద పడవ ఈ దీవి పక్కనుంచే పడమటి ఊళ్లకి పాత ఇనుము తేవడానికి వెళ్తుంటుంది. వెళ్లేటప్పుడు ఖాళీ. ఖాళీ పడవని అలలు ఆడుకుంటాయి కాబట్టి బరువు కోసం అడుగున రాళ్లు వేసుకుంటుంది, తిరిగి వచ్చేముందు వాటిని దించేస్తుంది.

"ఇక్కడినుంచి ముందుకి దీవుల చాటునే ప్రయాణం, అంత అల ఉండదు. ఆ రాళ్లు ఇక్కడే దించుతాను. ఎలాగూ మోస్తున్నానుగా. మీరు రాయి లేదని రాసి ఉంటే నేనసలు వచ్చేదాన్నే కాదు. వచ్చి చూశాను కాబట్టి తెలిసింది, నా పెద్ద పడవ రేవు దాకా రావడానికి లోతు సరిపోతుందని."

మార్తా లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచి, పొయ్యి దగ్గరికి వెళ్లి, చేపల పులుసు గిన్నె తెచ్చి డోనా ముందు పెట్టింది. నాకైతే గుండెల మీంచి పెద్ద బండ దించినట్టైంది. శాంతక్క మాత్రం, "ఇదంతా కాగితం మీద రాసివ్వాలి, 'దాదాపుగా' అని రాస్తే ఒప్పుకోను," అంది. చూశారా, బుద్ధులు ఎక్కడికి పోతాయి!

సరిచేసిన జవాబు అందరికీ వెళ్లింది. గడువు ముగిసేసరికి వచ్చింది ఒక్క టెండరే, డోనాది. మాకు అదే చాలు. నైనిక బాతెల్‌లో కేకు కోసి, అప్పటికి మా ఇంటికి తిరిగొచ్చేసిన నాకు ఫోటో పంపింది. వీడియో కాల్‌లో బావగారు కేకు మిగల్లేదని చెప్పబోతే, "నాన్నా, నిండుకుంది అనాలి!" అని ఆ పిల్ల దిద్దింది.

పని ఆ ఏడాదే మొదలై, చలికాలం ఆగి, మళ్లీ వసంతంలో సాగింది. పగిలిన పెట్టెల చోట కొత్త దుంగలు పాత పద్ధతిలోనే పేర్చారు. డోనా ప్రతి ప్రయాణంలోనూ రాళ్లు దించుతూ పోయింది. తనిఖీవాళ్లు వచ్చి రేవు గట్టిగా ఉందని చెప్పారు. ఫెర్రీ మళ్లీ వచ్చే తేదీ ఖాయమైంది.

ఆ రోజుకి మమ్మల్ని మార్తా పిలిచింది. ఈసారి నేను కళ్లు తెరుచుకునే విమానంలో కూర్చున్నాను, నమ్మండి నమ్మకపోండి. ఊరు ఊరంతా రేవు మీదే ఉంది. ఫెర్రీ దగ్గరికి వస్తుంటే శాంతక్క నా చెయ్యి ఎముకలు విరిగేలా పట్టుకుంది. తాళ్లు విసిరారు. ఓడ రేవుని ఒరుసుకుని ఆగింది. రేవు కదల్లేదు. శాంతక్క అక్కడే ఒక దుంగ మీద కూలబడి, అందరి ముందూ భోరున ఏడ్చింది. "హమ్మయ్య జానకీ, హమ్మయ్య," అంటూనే ఉంది. నాకూ ఏడుపొచ్చింది, ఇద్దరికీ ఒకే కొంగు సరిపోలేదు.

మార్తా తల్లిని చక్రాల కుర్చీలో దించారు. రేవు మీదకి రాగానే ఆవిడ కుర్చీ ఆపమని, కర్ర పట్టుకుని లేచి నిలబడింది. కూతుర్ని కూడా చూడలేదు, ముందు ఇళ్ల వైపు చూసింది. వాళ్ల భాషలో ఏదో అడిగింది, మార్తా జవాబిచ్చింది.

"ఏమంటోంది?" అన్నాను.

"ఎవరెవరు ఊరొదిలి వెళ్లిపోయారని అడుగుతోంది. ఎవ్వరూ పోలేదమ్మా, అందరం ఉన్నాం అన్నాను."

ముసలావిడ నమ్మలేదు. అక్కడే నిలబడి ఊళ్లోవాళ్లని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. ఆవిడ పిలిచినవాళ్లందరూ పలికారు.