అచ్చొచ్చిన చీటీ

నారాయణపేటలో ఒక చారిటీ దవాఖానలో నేను చీటీలు రాసేదాన్ని. తొంభైలు సగం దాటిన రోజులు. ఊళ్లో నన్ను చీటీల మేడం అనేవారు. వెనకాల నోరుగల్ల మేడం అని కూడా అనేవారట, అది చాలా ఆలస్యంగా తెలిసింది. అంటే అన్నారు. కిటికీ అవతల అరవై మంది ఒకరి మీద ఒకరు పడుతుంటే మెత్తగా మాట్లాడి పని నడిపించగల మనిషి ఎవరైనా ఉంటే, వచ్చి నా కుర్చీలో ఒక్క పూట కూర్చోమనండి.

చీటీ అంటే అరచెయ్యంత అట్టముక్క. దాని మీద పేరు, వయసు, ఒక నంబరు ఉండేవి. మనిషి ఎప్పుడు వచ్చినా ఆ చీటీ తేవాలి. డాక్టరు ఏం చూశారో, ఏ మందు రాశారో ఆ నంబరుతో సహా నేను రోజువారీ రిజిస్టరులో ఎక్కించేదాన్ని. ఎక్కించిన తర్వాత దాన్ని మళ్లీ తెరిచి చూసినవాళ్లు లేరు. డాక్టర్లు ఆరు నెలలకొకరు మారిపోయేవారు. కిందటి ఏడు ఎవరు ఏం చెప్పుకున్నారో ఈ ఏడు వచ్చిన డాక్టరుకు ఏం తెలుస్తుంది?

అలాంటి సమయంలో హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమె వెనకే ఒక కంప్యూటరు కూడా వచ్చింది, ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. దానికో గది ఇచ్చి, చెప్పులు విడిచి లోపలికి రావాలని తలుపు మీద రాశారు. మూడేళ్ల రిజిస్టర్లు అందులోకి ఎక్కించమని డాక్టరమ్మ నాతో అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది.

"ఎక్కించి ఏం జేస్తం మేడం?" అన్నాను.

"షుగర్ ఉన్నవాళ్లను పట్టుకుందాం. వాళ్లు షుగర్ అని చెప్పుకుంటూ రారు కదా. ఒకసారి దాహం అంటారు, ఒకసారి తిమ్మిర్లు అంటారు, ఇంకోసారి పుండు మానట్లేదు అంటారు. ఒక్కోసారి ఒక్కో డాక్టరు చూసి ఒక్కో మందు ఇస్తాడు. ఆ మూడూ ఒకే మనిషివని ఎవరు చూశారు?"

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు. మూడేళ్లుగా నా చేత్తో నేనే రాసిన రాతల్లో నాకు కనబడనిది ఏదో ఉందంటే, అదేమిటో చూడకుండా ఎలా ఉండగలను? కరెంటు ఉన్నంతసేపు ఎక్కించాను. కరెంటు పోతే ఎంతవరకు మిగిలిందో చూసుకుని మళ్లీ ఎక్కించాను. నాలుగు నెలలకు తల ప్రాణం తోకకొచ్చింది గానీ పని పూర్తయింది.

దాహం, తిమ్మిరి, మానని పుండు, ఈ మూడూ ఒకే నంబరు మీద ఉన్నవాళ్లెవరని ఆ రోజు కంప్యూటరును అడిగాం. పదకొండు పేర్లు చూపించింది. అన్నిటికంటే పైన ఉన్నది మగ్గాల వాడలో ఉండే ఒక నేతపనివాడి భార్య. ముప్పై ఏళ్ల మనిషి. రెండేళ్ల కిందట విపరీతమైన దాహం, తర్వాత అరికాళ్ల తిమ్మిరి, ఈ మధ్య వరుసగా మూడు నెలలు కాలి పుండుకు పూత మందు. చివరిసారి వచ్చి రెండు నెలలైంది. ఆ తర్వాత ఏమీ లేదు.

డాక్టరమ్మ తెర మీద ఆ పేరు దగ్గర వేలు పెట్టింది. "మూడు నెలలు మానని పుండు అంటే మామూలు సంగతి కాదు. ఇప్పటికీ మానకపోతే ఆ కాలు దక్కదు. వెంటనే తీసుకురా," అంది.

నేనే వెళ్లి ఆ నేతపనివాడి భార్యను, రా చెల్లె అని, వెంటబెట్టుకొచ్చాను. కాళ్లు చూపించమంటే చూపించింది. పసుపు రాసుకున్న పాదాలు, మెట్టెలు, ఎక్కడా గీత కూడా లేదు. రక్తం తీసి చూస్తే షుగరు లేనే లేదు.

"మనం ఎక్కడో తప్పు ఎక్కించాం," అంది డాక్టరమ్మ నీరసంగా.

తప్పా? నేనా? రిజిస్టర్లు మూడూ తెచ్చి ఆమె ముందు పరిచాను. ప్రతి తేదీ, ప్రతి మందు, నా దస్తూరీతో కళ్ల ముందే ఉంది. నేను తప్పు రాయలేదు, కంప్యూటరు తప్పు చెప్పలేదు. మరి ఆ పుండు ఎవరి కాలికి ఉంది?

"నీ చీటీ మీద ఎవరొచ్చిన్రు? చెప్పు," అని గద్దించాను.

"నాకేం ఎరుక అక్కా," అని తల వంచుకుని, ఇంచుమించు పరుగెత్తుతున్నట్టే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆమె నంబరు మీద ఉన్నదంతా మొదటి నుంచి చదివాను. ఒక నెలలో ఆమె నాలుగో నెల గర్భిణి. పదిహేను రోజుల తర్వాత ముట్లుడిగి రెండేళ్లయిన మనిషి. ఆ పై వారమే మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేనంటుంది. ఒక్కదాన్నే కూర్చుని పగలబడి నవ్వాను. నవ్వు ఆగాక ఆ పుండు గుర్తొచ్చింది. వాడంతా ఒకే చీటీ మీద వస్తుంటే, అందులో ఒకరి కాలు మానకుండా ఉంది. ఎవరిదో తెలియదు.

మర్నాడు మగ్గాల వాడలో ఇంటింటికీ తిరిగాను. ఆ చీటీ ఎవరెవరు వాడారో చెప్పండి అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. మాకు ఎరుకే లేదన్నారు. ఒకామె తలుపు వేసేసుకుంది. చివరికి అలిసిపోయి ఆ చెల్లె ఇంట్లోనే కూలబడి, మంచినీళ్లు అడిగాను.

నీళ్లు తాగుతూ తలెత్తితే గోడకు దేవుడి పటం కనబడింది. పటం సందులో ఆ చీటీ ఉంది. దానికి కుంకుమ బొట్టు కూడా ఉంది. నా చేత్తో రాసిన చీటీకి బొట్టు పెట్టారంటే ఎంత కోపంలోనైనా అడగకుండా ఉండగలనా?

"చీటీకి బొట్టెందుకు చెల్లె?"

ఆమె మొహం ఒక్కసారి విచ్చుకుంది. "నాకు టైఫాయిడ్ అచ్చినప్పుడు అందరు ఆశ ఇడిసిండ్రక్కా. గీ చీటీ మీదనే బతికిన. గప్పటి సంది మా వాడల ఎవ్వరికి బాగ లేకపోయినా ఇదే పట్టుకపోతరు. మస్తు అచ్చొచ్చిన చీటీ."

అప్పుడు అర్థమైంది నేను అడగాల్సింది ఏమిటో. గొంతు తగ్గించాను. "ఔనా? ఇంకెవరెవరికి అచ్చొచ్చింది?"

అడిగిందే ఆలస్యం, గడగడా చెప్పుకుపోయింది. మూలింటి కోడలికి కాన్పు సులువుగా అయిందట. అత్తకు మోకాళ్ల నొప్పులు తగ్గాయట. ఎదురింటామెకు ఏళ్లనాటి దగ్గు పోయిందట. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చెప్పి, చివర ఒక వేలు దగ్గర ఆగింది.

"అందరికి అచ్చొచ్చింది గని, ఒక్క రంగుల చిచ్చాకే రాలేదు. పాపం, చాచీ ఎన్నిసార్లో తీస్కపోయింది. పుండు మానుతనే లేదంట."

చిచ్చా అంటే నూలుకు రంగులద్దే ముసలాయన. వాడ చివర ఇల్లు. ఆడమనిషి పేరున్న చీటీ కాబట్టి, చాచీ, అంటే ఆయన భార్య, వచ్చి ఆయన బాధలన్నీ తన బాధలుగా చెప్పి మందు పట్టుకెళ్లేది. ఆ రద్దీలో ఏ డాక్టరూ కాలు చూపించమనలేదు. బురఖాలో వచ్చే ఆమె మొహం నాకు తెలియదు. నేను చూసేది చీటీనే.

వెళ్లేసరికి ఆయన రంగునీళ్లు నింపిన గోలేల మధ్య తడి బండ మీద నిలబడి నూలు చిలుపల కట్టలు పిండుతున్నాడు. రెండు కాళ్లూ చీలమండల దాకా ముదురు ఎరుపు. అన్నేళ్ల రంగు, కడిగినా పోయేది కాదు.

"పుండెక్కడున్నది చిచ్చా?"

"ఏం లేదమ్మా. నొప్పే లేదు. ఫికర్ జేయకు."

కూర్చోబెట్టి పాదం ఒళ్లోకి తీసుకున్నాను. వాసన ముందు తెలిసింది. చిటికెన వేలు, దాని పక్క వేలు ఆ ఎరుపు కింద నల్లబడిపోయి ఉన్నాయి. రంగు వల్ల ఇంట్లోవాళ్లకు కూడా ఆ నలుపు కనబడలేదు. వేలితో గట్టిగా నొక్కాను. ఆయన నూలు వైపే చూస్తున్నాడు. నొక్కినట్టే తెలియలేదు ఆయనకు.

రిక్షాలో దవాఖానకు తీసుకొచ్చాం. షుగరు విపరీతంగా ఉంది. డాక్టరమ్మ ఉత్తరం రాసి ఆ మధ్యాహ్నమే మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పంపింది. ఇంకో వారం ఆగితే మోకాలి దాకా తీసేవాళ్లమని అక్కడి డాక్టరు అన్నాడట. రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది.

నెల తర్వాత ఆయన భార్య కిటికీ దగ్గరికి వచ్చింది, ఈసారి ఆయన పేరు మీద ఉన్న చీటీతోనే. వెలుతురులోకి వచ్చి ముసుగు ఎత్తింది. అప్పుడే ఆమెను మొదటిసారి చూశాను. యాభై ఏళ్లుంటాయి, అలిసిపోయిన కళ్లు. పాదం దక్కిందన్న సంతోషంలో కూడా నా నోరు ఊరుకోలేదు.

"ఆయన రోగాన్ని నీ రోగమని ఎందుకు చెప్పినవమ్మా? మొదలే నిజం చెప్పుంటే ఆ రెండు వేళ్లు గూడ దక్కుతుండె గద."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు, ఉంటే బాగుండేది.

"మొదలు నిజమే చెప్పిన బేటా. మా ఆయనకు ఎన్ని నీళ్లు తాగినా దూప ఆగుతలేదు, పని ఇడిసి రాలేడు, జర మందియ్యున్రి అన్న. గీ కిటికీ కాడనే. రోగమెవరికుంటే వాళ్లనే తోలుకరా, పో అని నువ్వే అంటివి."

చీటీ తీసుకుని మందు రాయించి ఇచ్చాను. జనం వెళ్లిపోయాక చెప్పులు విడిచి కంప్యూటరు గదిలోకి వెళ్లాను. ఆమె అన్న రోజు కోసం రెండేళ్ల కిందటి తేదీలన్నీ వెతికాను. తర్వాత రిజిస్టర్లు దించి కాగితం కాగితం తిరగేశాను. దాహమని వచ్చిన వాళ్లున్నారు, పుండని వచ్చిన వాళ్లున్నారు. నేను కిటికీ దగ్గరి నుంచే తిప్పి పంపినవాళ్లను మాత్రం ఎక్కడా రాసుకోలేదు.