రక్తంలో లేదన్న కాగితం

ఈ సంగతి ముందే రాయవలసింది. ఉద్యోగ విరమణ చేశాకే నేను అక్షరాలు దిద్దాను; అంతవరకు నాది వేలిముద్ర.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో చెవి-ముక్కు-గొంతు విభాగానికి అటెండరుగా వేశారు. అందరికంటే కింది మెట్టు. డాక్టరుగారు నోరు చూస్తుంటే టార్చి పట్టాలి. అనుమానమున్నచోట ఆయన తీసిన చిన్న ముక్కను, అది పాడవకుండా ఉంచే ఫార్మలిన్ మందు సీసాలో పరీక్షకు పట్టుకెళ్లాలి. దాన్నే బయాప్సీ అంటారు.

ఒకరోజు భావనపాడు నుంచి చేపలమ్మే పోలమ్మను ఆమె భర్త తీసుకొచ్చాడు. చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టి కాల్చే అలవాటు ఆమెది. మేం అడ్డపొగ అంటాం. అంగిట్లో తెల్లమచ్చ, నడుమ మానని పుండు. భర్త ఒక రంగుల కాగితం చాపాడు. ఊళ్లోకి వ్యానులో వచ్చిన ల్యాబువాళ్లు కేన్సర్ రక్తపరీక్ష చేసి, అంతా బాగుందన్నారట. డాక్టరుగారు చదివి చూశారు. చక్కెర, రక్తం పాళ్లు, పొట్ట, అండాశయం జబ్బుల గుర్తులు ఉన్నాయి; నోటికి సంబంధించింది ఒక్కటీ లేదు. అంత గొప్ప వ్యానులో నోరు తెరవమన్నవాడు ఒక్కడూ లేకపోయాడు.

కొన్ని గొంతు కేన్సర్లకు వైద్యమయ్యాక, జబ్బు తిరగబెట్టిందేమోనని రక్తంలో జాడలు వెతికే పరీక్షలు వస్తున్నాయని, ఈ పుండుకు మాత్రం ముక్క తీయాల్సిందేనని, ఆలస్యమైతే దవడ దాకా పోతుందని డాక్టరుగారు చెప్పారు.

"రగతంలో నేదని కాయితం మీదే రాసిచ్చినారు గదా బాబూ. కత్తెడితే జబ్బు పాకేస్తాది," అన్నాడు భర్త.

కత్తి పెడితే పాకుతుందని చదువుకున్నవాళ్లూ అనేవారు. ఆ చదువు నాకు రానందుకు చింత ఉండేది కాదు.

ముక్క తీయడం వద్దని, మందుబిళ్లలకు మర్నాడు వస్తామని లేచారు. వరండాలో పోలమ్మను ఆపి, ఆ కాగితం నమిలి మింగితే పుండు మానుతుందా అని అడిగాను. ఆమె నా చీర బొడ్లో దోపిన చుట్ట వైపు చూసింది.

"నువ్వూ అడ్డపొగే కదేటప్పా. ఇన్నాళ్లూ టార్చి అట్టుకున్నావు. నీ నోరెవులికైనా సూపించావేటి?"

నాకేమీ లేదని చెప్పబోయాను. వ్యానువాళ్లు చెప్పిందీ అదేనని తోచింది.

ఈ ఉద్యోగం నేర్పింది ఇదే: చూడనిచోట జబ్బు లేదనడం పరీక్ష కాదు, ఎవరన్నా సరే.

మర్నాడు ఉదయం టార్చి నర్సు చేతికిచ్చి, పోలమ్మ చూస్తుండగా రోగుల స్టూలు మీద కూర్చుని నోరు తెరిచాను. చిన్న మచ్చ ఉంది, ముక్క తీయాలన్నారు డాక్టరుగారు. తీయమన్నాను. నేను లేవగానే, భర్త చెయ్యి విదిలించుకుని పోలమ్మ ఆ స్టూలు మీద కూర్చుంది. నోట్లో దూది అదుముకుని, ఆమె ముక్కకు రెండో సీసా నేనే తెచ్చాను.