ఆపిల్ కోల్డ్ రూముల స్లీపింగ్ బ్యాగు

స్లీపింగ్ బ్యాగు మంచిదే దొరికింది. తేలికగున్నది, వెచ్చగున్నది. గని అండ్లకెళ్లి నేను బయటికొచ్చుడే కష్టమైంది. నవ్వద్దు, చాయ పక్కకు పెట్టి ఇనుండ్రి.

గీ ఎండకాలం సెలవుల్ల నేను, నా పెండ్లాం సరిత ఓ బ్యాచ్‌తోని హిమాచల్ కొండలెక్కుదామనుకున్నం. ఏండ్ల సంది బడిపిల్లలకు హిమాలయాలు బోర్డు మీద గీసి చూపిస్తున్న, ఒక్కసారన్న కండ్లతోని చూడాలె గదా! ఆడ ఎవరి సామాను వాళ్లే మోసుకోవాలెనట. రాత్రిళ్లు మస్తు చలట. గది ఇనంగనే మా అవ్వ సందూకలకెళ్లి బొంత తీసింది. పాత చీరెలు పొరలు పొరలుగ కుట్టిన బొంత. అది వీపున ఏసుకుంటె నేను కొండెక్కుడు కాదు, కొండే నా మీదెక్కుతది. వద్దన్న. అవ్వ అలిగింది.

ఇగ ఆన్‌లైన్ల ఎతుకుడు మొదలువెట్టిన. సరిత తనకు ఓ మాదిరి బరువుది, కాళ్లు చేతులు ఆడేటిది తీసుకున్నది. నేను మాత్రం అన్నిట్ల తేలికైంది ఎంచుకున్న. లోపల బాతు ఈకలట. గంత తేలిక ఎట్లయిందంటె, ఇరుకుగ కుట్టిండ్రు. ఫొటోల అండ్ల పండుకున్న పోరడు అగ్గిపుల్ల లెక్కనే ఉన్నడు. నా బొజ్జ సంగతి గా టైముకు నాకు యాదికి రాలే.

పార్సిల్ రాంగనే అవ్వ చేత్తోని పట్టి చూసింది.

"గీ దోమతెర అసొంటిది కప్పుకోని మంచుల పంటవా కొడుకా? గడ్డకట్టుకపోతవ్" అన్నది.

సరిత గూడ అవ్వ దిక్కే. అది చలికి ఆగుతదని ముందుగాల రుజువు చెయ్యి, లేకుంటె బొంత మొయ్యి అని తేల్చి చెప్పింది. బ్యాగు మీద ఐదు డిగ్రీలకు ఆగుతదని రాసి ఉంది. గని కరీంనగర్ల, మే నెలల, ఐదు డిగ్రీలు యాడికెళ్లి తేవాలె?

గప్పుడు ఖలీల్ యాదికొచ్చిండు. చిన్నప్పటి దోస్తు, ఆపిల్ పండ్ల హోల్‌సేల్ చేస్తడు. వాని కోల్డ్ రూం ఎప్పుడూ సల్లగనే ఉంటది. బ్యాగు సంకల పెట్టుకోని పోయిన. లోపల మీటర్ నాలుగు డిగ్రీలు చూపిస్తుందని, జర సేపు పండుకొమ్మని, తను నమాజుకు పోయొచ్చి లేపుతనని చెప్పిండు. పెట్టెల నడుమ బ్యాగు పరిచి అండ్ల దూరిన. ఊపిరి బిగబట్టి, బొజ్జ లోపలికి గుంజి, జిప్పు మెడ దాక ఏసుకున్న.

ఏం చెప్పాలె! చలే లేదు. ఆపిల్ వాసన, మిషిన్ల సన్నటి సప్పుడు, ఎండకు మాడిన పాణం ఒక్కసారి తేటపడ్డది. టెస్టు పాస్, బొంత పీడ పోయిందనుకుంట కండ్లు మూసిన.

మెలకువ వచ్చేసరికి ఒళ్లంత చెమట. వారెవ్వా, కోల్డ్ రూముల గూడ గింత వెచ్చగనా అని బ్యాగును తెగ మెచ్చుకున్న. కండ్లు తెరిచి చూద్దును గదా, పైన రేకులు! నేను బయట షెడ్డుల ఉన్న. ఓ హమాలీ వచ్చి మస్తు మర్యాదగ చెప్పిండు.

"లారీ లోడొచ్చింది సార్, లోపల జాగ సాలలే. మీరు మంచిగ పండుకున్నరు, లేపబుద్ధి గాలే. అందరం కలిసి మెల్లగ ఎత్తి ఈడ పెట్టినం."

జిప్పు గుంజిన. రాలే. పలుచటి బట్ట అండ్ల ఇరుక్కున్నది. మీదికెళ్లి ఎల్దామంటె భుజాలు పట్టయి, కింద దారే లేదు. మళ్ల లోపల పెట్టుమందామంటె తలుపు దాక పెట్టెలు నిండినయ్. మిట్టమధ్యాహ్నం, రేకుల కింద, బాతు ఈకలల్ల నేను! నమాజు నుంచి వచ్చిన ఖలీల్ నన్ను చూసి, పెట్టెలు కోసే కత్తి పట్టుకోని ఉరికొచ్చిండు. నేను కొయ్యనియ్యలే. కోస్తె బ్యాగు పాయె, బ్యాగు పోతె బొంతే గతి.

"అరే యార్, పాణం పోతది" అన్నడు.

"పోనీ. కత్తి మాత్రం పెట్టకు" అన్న.

వాడు సరితకు ఫోన్ చేసిండు. ఆమె వచ్చేదాక హమాలీలు నా మొఖం మీద నీళ్లు చల్లుకుంట, అట్టముక్కలతోని ఇసురుకుంట కూసున్నరు. సరిత కొవ్వొత్తి ముక్క రుద్ది ఒక్క గుంజు గుంజితె జిప్పు వచ్చింది. బ్యాగుకు చిన్న గీత గూడ పడలే. గా సంబురంల చెంబెడు ఐస్ నీళ్లు గటగట తాగి, అదే ఎండల బండి మీద ఇంటికి పోయిన.

తెల్లారేసరికి సర్దిగర్మి. ముక్కు కారుడు, జరం, ఒణుకుడు. ఎల్లుండే పయనం, డాక్టరేమో కొండ ముచ్చటే తియ్యద్దన్నడు. ఇద్దరి టికెట్లు ఖరాబ్ చేసుడెందుకని సరిత బ్యాచ్‌తోని పోయింది. పోయేటప్పుడు తన బ్యాగు ఇంట్ల పెట్టి నాది పట్టుకపోయింది, తేలికగ ఉందని. నిన్న ఫొటో పంపింది. ఎనక మంచుకొండ, ముంగట నా బ్యాగు. రాత్రి అసలు చలే పెట్టలేదట.

గా ఫొటో చూసేటప్పుడు నేను ఇంక జరం తగ్గక, ఫ్యాన్ బంద్ చేసుకోని గడగడ ఒణుకుతున్న. అవ్వ బొంత తెచ్చి మీద కప్పింది.

"బరువన్నవ్ గదా కొడుకా. తియ్యాల్నా?" అని అడిగింది.

"వద్దవ్వా. ఇంకోటి ఉంటె అది గూడ కప్పు."