కదలని బుడగ

నా చిన్నప్పుడు మాదాపూర్‌లో ఈల వినపడితే తలుపులు వేసుకునేవాళ్ళం. కొత్త ఆఫీసుల కోసం బండలు పేలుస్తున్న రోజులవి. ఎర్రజెండా మనిషి ఈల ఊదుకుంటూ వీధంతా తిరిగాక, మళ్ళీ రెండో ఈల దాకా ఎవరూ బయట కాలు పెట్టకూడదు. అది మాకు అలవాటైపోయింది.

ఆ రోజు బడికి సెలవు. నేను మా మేనమామ రిపేరు షెడ్డులో ఉన్నాను. విదేశం నుంచి వచ్చిన ఒకాయన కారు అక్కడుంది. దాని ఇంజిన్‌లో పిస్టన్లు ఉండవు, మూడు మూలల దిమ్మె ఒకటి గిరగిరా తిరుగుతుంది. అది అరిగిపోకుండా లోపలికి చుక్క చుక్కగా ఆయిల్ పంపే చిన్న పంపు పాడైతే, మామ బొంబాయి నుంచి ఇంకోటి తెప్పించి అప్పుడే బిగించాడు. ఇంతలో ఈల వినపడింది. షట్టరు దించాడు.

పేలుడు మామూలుగానే వినిపించింది. ఆ తర్వాతి చప్పుడు మాత్రం మా షట్టరు మీదే. బండరాయి ఒకటి దొర్లుకుంటూ వచ్చి దాన్ని లోపలికి వంచేసింది. కరెంటు పోయింది. మామ భుజం పెట్టి ఎత్తినా షట్టరు లేవలేదు. దూరం నుంచి ఎవరో అరిచారు: "బండల పెట్టిన మందు ఒకటి పేల్లేదు. అది తేలేదాక దగ్గరికి రాలేం. లోపల్నే ఉండుండ్రి."

నేను ఏడుస్తూ షట్టరును బాదాను. మామ నన్ను ఎత్తుకెళ్ళి కారు ముందు స్టూలు మీద నిలబెట్టి, చేతిలో టార్చిలైటు పెట్టాడు. కొత్త పంపు నుంచి ఇంజిన్‌కు పోయే సన్నటి గొట్టం చూపించాడు. లోపల ఆయిల్ మధ్య గాలి బుడగ ఒకటి కనిపిస్తోంది.

"గా బుడగ ఇంజిన్ దిక్కు పోవాలె బిడ్డా. పోతెనే బండి మంచిగుంటది. జర కన్నార్పకుండ చూడు, కదిలితే చెప్పు."

ఎంత చూసినా అది కదల్లేదు. చాలాసేపటికి నా టార్చి పక్కకు జరిగి, వెలుగు మామ చేతుల మీద పడింది. వణుకుతున్నాయి. గబుక్కున వాటిని చంకల్లో దాచుకున్నాడు. ఎంత పెద్ద పానా అయినా అవలీలగా తిప్పే చేతులవి. నా ఏడుపు ఆగిపోయింది. పెద్దవాళ్ళకు కూడా ఇంత భయం ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. ఆయన మీద ఎంత జాలి వేసిందో చెప్పలేను.

"కదిలింది మామా, జరంత," అన్నాను.

"అవునా? మంచిగ చూడు," అన్నాడు. కాసేపాగి మళ్ళీ చెప్పాను. అవునని తలూపాడు.

రెండో ఈల వచ్చేసరికి పొద్దు వాలింది. కూలీలు గడ్డపారలతో రాయిని దొర్లించి షట్టరు ఊడదీశారు. మామ కారును బయటికి తోయించి స్టార్ట్ చేశాడు. నేను వెళ్ళి గొట్టంలోకి చూశాను. బుడగ అప్పుడు మెల్లగా జరగడం మొదలుపెట్టింది. ఆ పంపును తిప్పేది ఇంజినేనట. ఇంజిన్ ఆగి ఉంటే బుడగ ఎంతసేపైనా అక్కడే ఉంటుంది.

"అది కదలదని నీకు ఎర్కనేనా?" అని అడిగాను.

"ఎర్కనే."

"మరి నేను కదిలిందంటే అవునంటివి?"

"నువ్వు గట్ల చెప్తుంటె నా పానం నిమ్మలమైంది బిడ్డా."

ఇప్పుడు నా తల నెరుస్తోంది. మొన్న మా ఆయన ఆపరేషన్ నాడు దవాఖాన వరండాలో నా కూతురు, "డాక్టరు నవ్వుకుంటూ లోపలికి పోయాడమ్మా, నేను చూశాను," అంది. నిజంగా నవ్వాడా అని నేను అడగలేదు. దాని చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.